ఒకటో వైరు నాలుగో చోట

ఇందుమూలంగా సమస్త ప్రజలకు తెలియజేయడమేమనగా, మా షెడ్డులో మూడు స్టూళ్ళున్నాయి. నాలుగు కాళ్ళూ నేలకు ఆనేది నాది. ఒక కాలు వేలెడు పొట్టిగా ఉండి, కూర్చున్నవాడిని ఉయ్యాల ఊపేది నా బావమరిదిది. మూడోది కస్టమర్లది. దాని మీద గ్రీజు ఉంటుంది, ఆ సంగతి కూర్చుని లేచాక తెలుస్తుంది. ఈ ఏర్పాటు పదకొండేళ్ళుగా అమల్లో ఉంది. దీన్ని అతిక్రమించినవారు అందరికీ టీ తెప్పించవలెను.

ఇన్‌స్పెక్టరు గారు "అన్నీ రాయి, ఏదీ వదలకు, నీ మాటల్లోనే రాయి" అన్నారు కాబట్టి ముందుగా ఇది రాశాను. ఆయన చదివి కాగితం చింపబోయి ఆగారు. మొదటి నుంచి రాయమన్నారు. కానీ పై పేరా కొట్టెయ్యను. స్టూలు సంగతి తర్వాత వస్తుంది.

నా పేరు పై కాగితంలో రాసుకున్నారు. ఆ పేరుతో నన్ను పిలిచేది ఆస్పత్రి వాళ్ళు, మీరు. మిగతా అందరికీ తిరకాసు మేస్త్రినే. వయసు నలభై తొమ్మిది. వృత్తి, పాత పెట్రోలు బండ్ల మెకానిక్కు. చదువు ఏడో క్లాసు. అది రెండుసార్లు చదివాను కాబట్టి ఎనిమిది అని రాసుకున్నా నాకు అభ్యంతరం లేదు. ఈ రోజు గురువారం. ఉదయం పది గంటలకు నా అంతట నేనే స్టేషనుకు వచ్చాను. నన్ను ఎవరూ కొట్టలేదు, బెదిరించలేదు. టీ కూడా ఇచ్చారు. చక్కెర తక్కువ.

మీరు లోపల పెట్టిన మనిషి నా బావమరిది. నా భార్యకు తమ్ముడు. వయసు ముప్పై ఎనిమిది. వాడిని అందరూ పుస్తకం అంటారు. ఆ పేరు పెట్టింది నేనే. వాడి దగ్గర నీలం అట్ట ఉన్న రిపేరు పుస్తకం ఒకటుంది. దాన్ని ప్లాస్టిక్ సంచిలో పెట్టి, ఆ సంచిని ఇంకో సంచిలో పెట్టి, గోడ మీద మేకుకు తగిలిస్తాడు. తెరిచే ముందు సబ్బుతో చేతులు కడుక్కుంటాడు. పనిలోకి దిగే ముందు చేతులు కడుక్కునే మెకానిక్కును నేను వాడినొక్కడినే చూశాను. నేను చెవితో పని చేస్తాను, వాడు కళ్ళద్దాలతో పని చేస్తాడు. బండి మాత్రం ఇద్దరి చేతుల్లోనూ బాగుపడేది. అది నాకు నచ్చేది కాదు.

ఒకసారి నలభయ్యో పేజీని నలభై ఒకటికి బంకతో అతికించాను. వాడు టీ కెటిల్ ఆవిరి పట్టి ఓపిగ్గా విడదీశాడు. ఫ్యాను కింద ఆరబెట్టుకుని పని మొదలుపెట్టాడు. నన్ను ఒక్క మాట అనలేదు. వాడి స్టూలు కాలు కోసింది కూడా నేనే. దాని మీద పదకొండేళ్ళు ఊగాడు తప్ప ఒక చెక్కముక్క దోపమని అడగలేదు. తిట్టే మనిషైతే నేను ఎప్పుడో మానేసేవాడిని.

చనిపోయిన మనిషి రొట్టెల వ్యాను డ్రైవరు. వయసు యాభై ఆరు. ఆయన్ని తాపీ అనేవాళ్ళం. బేకరీ నుంచి దుకాణాలకు రొట్టెలు వేసేవాడు. వ్యాను వయసు ముప్పై నాలుగు. నాలుగు సిలిండర్ల పెట్రోలు ఇంజను. ఆ బండి బానెట్ ఎత్తితే కూడా రొట్టె వాసనే వచ్చేది. ఒకసారి ఆయన చక్రం కప్పులో గులకరాయి వేశాను. వారం రోజులు లొడలొడమంటూ తిరిగాడు. కంగారుపడి పరిగెత్తుకొస్తాడని రోజూ రోడ్డు వైపే చూశాను. ఎనిమిదో రోజు నేనే ఉండబట్టలేక అడిగితే, "ఏదో ఉందిలే మేస్త్రీ, ఒంటరిగా పోతుంటే తోడుగా ఉంది" అన్నాడు. నా తుంటరితనం పని చేయనిది ఆయన ఒక్కడి దగ్గరే.

జరిగింది చెప్పే ముందు ఇంజను సంగతి కొంచెం చెప్పాలి. ఇది తెలియకపోతే నా బావమరిది తప్పు చేసినట్టే కనిపిస్తుంది.

ఇంజనులో నాలుగు సిలిండర్లు నలుగురు అన్నదమ్ముల్లా వరసగా ఉంటాయి. డిస్ట్రిబ్యూటర్ అంటే వడ్డించేవాడు. దాని మూత మీద నాలుగు బొడిపెలు, ఒక్కో బొడిపె నుంచి ఒక్కో సిలిండరుకు ఒక వైరు. మూత లోపల రోటర్ అనే ముక్క తిరుగుతూ ఒక్కొక్కరికి నిప్పురవ్వ వడ్డిస్తుంది. కూర్చున్న వరసలో కాదు. ముందు ఒకటి, తర్వాత మూడు, తర్వాత నాలుగు, ఆఖరున రెండు. దీన్నే ఫైరింగ్ ఆర్డర్ అంటారు. సిలిండరు పెట్రోలు గాలిని నోట్లో నింపుకుని, మూతి బిగించి, ఊపిరి బిగబట్టిన క్షణంలో నిప్పు అందాలి. అప్పుడు బండి కదులుతుంది. నోరు తెరిచి ఉన్నప్పుడు అందితే మంట నోట్లోంచి బయటికి వస్తుంది. ఆ నోరే పైన ఉన్న కార్బురేటర్.

ఇంకొక్క మాట. ఒక్కో సిలిండరు ఇంజను రెండు చుట్లు తిరిగితే ఒక్కసారి మండుతుంది. కింద పుల్లీ మీది గుర్తు మాత్రం ప్రతి చుట్టుకూ పైకి వస్తుంది. అంటే రెండుసార్లలో ఒకటి అసలుది, ఒకటి ఉత్తది. చూపుకు రెండూ ఒకటే. తేడా తెలియాలంటే ఒకటో ప్లగ్గు విప్పి, ఆ రంధ్రం మీద బొటనవేలు పెట్టి, ఇంజనును చేత్తో తిప్పాలి. గాలి వేలిని పైకి తోసేస్తే అసలుది. ఇది నాకు మా పెద్ద మేస్త్రి నేర్పాడు. ఆయన చనిపోయి రెండేళ్ళయింది. నేను ఆయన దగ్గర పద్దెనిమిదేళ్ళు పని చేశాను.

ఆ వ్యాను ఇంజనును మొదట విప్పి కట్టింది పెద్ద మేస్త్రే. ఆయనకు ఒక అలవాటు ఉండేది. తాను కట్టిన ఇంజన్లలో డిస్ట్రిబ్యూటర్ కింద రోటర్‌ను తిప్పే షాఫ్టును సగం చుట్టు తిప్పి దింపేవాడు. అలా దింపితే అన్నీ ఎదురు వైపుకు పోతాయి. పుస్తకంలో ఒకటి అని ఉన్న చోట నాలుగు ఉండాలి, మూడు ఉన్న చోట రెండు ఉండాలి. వైర్లు అలా ఎదురు మార్చి పెడితే బండికి ఏ బాధా లేదు, ముత్యంలా నడుస్తుంది. బాధ ఎప్పుడంటే, తెలియనివాడు నాలుగు వైర్లూ పీకి పుస్తకంలో బొమ్మ చూసి పెట్టినప్పుడు. అప్పుడు నిప్పు ఉత్త చుట్టులో, నోరు తెరిచి ఉండగా పడుతుంది. పెద్ద మేస్త్రి దీన్ని సగం తాళం అనేవాడు. వేరే షెడ్డుకు పోయిన బండి తిరిగి తన దగ్గరికే రావాలని ఆయన ఆలోచన. "ఇంటి తాళంచెవి ఎవడికి పడితే వాడికి ఇస్తామా?" అని ఒక రోజు నాతో అన్నాడు. ఈ సంగతి నాకు ఒక్కడికే తెలుసు. బావమరిది షెడ్డుకు వచ్చేసరికి ఆయనకు చూపు మందగించి, స్పానరు వదిలేశాడు.

ఇక జరిగింది.

పోయిన వారం మంగళవారం, అంటే తొమ్మిది రోజుల కిందట. దానికి ముందు రెండు రోజులుగా ఆగి ఆగి వాన. ఉదయం ఎనిమిదిన్నరకు తాపీ వ్యాను తీసుకొచ్చాడు. మిస్సింగ్ కొడుతోంది, గట్టు ఎక్కే మనిషిలా ఆగి ఆగి ఊపిరి పీలుస్తోంది. బానెట్ ఎత్తి చూశాను. మూత లోపల చెమ్మ, పక్కన వెంట్రుకంత పగులు. కొత్త మూత అరలో ఉంది. మార్చడం పదిహేను నిమిషాల పని.

నాకు మూడు రోజులుగా కింది దవడ పన్ను సలుపుతోంది. చెప్పుల దుకాణం పై అంతస్తులో పళ్ళ డాక్టరు తొమ్మిదిన్నరకు రమ్మన్నాడు. తొమ్మిదింబావుకు బయలుదేరుతూ బావమరిదితో "మూత మార్చు, అంతే" అన్నాను. ఒక్కొక్క వైరే పాత మూత నుంచి తీసి కొత్తదానికి పెట్టు అని చెప్పడానికి అర నిమిషం పట్టదు. చెప్పలేదు. మరిచిపోయి కాదు, గుర్తుండే చెప్పలేదు. వాడు చేతులు కడుక్కుని, సంచిలోంచి సంచి తీసి, నాలుగు వైర్లూ పీకి, తుడిచి, బల్ల మీద వరసగా పెట్టి, పుస్తకంలో బొమ్మ చూసి మళ్ళీ పెడతాడని నాకు తెలుసు. బండి స్టార్ట్ కాదని తెలుసు. నేను తిరిగి వచ్చేసరికి చెమటలు పట్టి ఉంటాడని, వాడి ముందే పుస్తకం పక్కకు తోసి, రెండు నిమిషాల్లో స్టార్ట్ చేసి చూపిద్దామని అనుకున్నాను. మెట్లు ఎక్కుతూ నవ్వుకున్నాను కూడా. పన్ను నొప్పిలో నవ్వుకున్నాను.

పది దాటి ఐదు నిమిషాలకు పన్ను ఊడింది. డాక్టరు నోట్లో దూది పెట్టి, అరగంట మాట్లాడొద్దని, కదలకుండా కూర్చోమని చెప్పాడు. నేను మాట్లాడకుండా అరగంట కూర్చోవడం మా ఇంట్లో ఎవరూ చూడలేదు, చూపించే అవకాశం పోయింది. కిటికీ దగ్గర ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నాను. పది నలభైకి ఫోను మోగింది. బావమరిది.

"బావా, మూత మార్చాను. స్టార్ట్ కావట్లేదు. పైనుంచి తుమ్ముతోంది. ఒకటి, మూడు, నాలుగు, రెండు. నాలుగుసార్లు చూసుకున్నా. ఏం వదిలేశానంటావ్?"

తుమ్ముతోంది అంటే మంట కార్బురేటర్ లోంచి పైకి వస్తోందని అర్థం. ఈ పనిలో ముప్పై ఏళ్ళున్నాను. ఎలకకు పిల్లి అడుగు తెలిసినట్టు నాకా చప్పుడు తెలుసు. నోట్లో దూది ఉంది. దూదితోనే అన్నాను.

"నీ పుస్తకాన్ని అడుగు."

"అడిగాను బావా. సరిగ్గానే పెట్టావంటోంది."

నేను ఫోను పెట్టేశాను. యాభై రెండు సెకన్ల కాల్ అని మీ దగ్గర కాగితం ఉంది. అందులో నేను అన్నది ఆ మూడు మాటలే. వాటికి బదులు "వైర్లు ఎదురు మార్చు" అన్నా మూడు మాటలే. దూదితో అవి కూడా అనొచ్చు.

ఆ తర్వాత జరిగింది నేను చూడలేదు. చూడనిది చూసినట్టు రాయను. ఆస్పత్రి వరండాలో బావమరిది చెప్పింది రాస్తున్నాను. పెట్రోలు పైకి ఎక్కడం లేదేమో, నోట్లో కాస్త పోద్దామని తాపీ అన్నాడట. పాత బండ్లకు అందరూ చేసేదే అది. పైన గాలి వడకట్టే డబ్బా విప్పేసి, సీసాతో కార్బురేటర్ నోట్లో రెండు గుక్కల పెట్రోలు పోస్తూ సెల్ఫ్ కొడతారు. బావమరిది మొదట ఒప్పుకోలేదు. పుస్తకంలో వద్దని ఉంది అన్నాడట. "నేను తాపీగా పోస్తాలే, దుకాణాలవాళ్ళు ఎదురు చూస్తుంటారు" అన్నాడట ఆయన. ఆ వ్యాను బానెట్ ఎత్తు ఎక్కువ, ఆయన మనిషి పొట్టి. ఎక్కడానికి స్టూలు కావాలి. బావమరిది తన కుంటి స్టూలు ఇవ్వలేదు, గ్రీజు స్టూలు ఇవ్వలేదు. నాలుగు కాళ్ళూ ఆనే నా స్టూలు తెచ్చి, నేల మీద నీళ్ళు తుడిచి వేశాడు. పడిపోకూడదని. నా బావమరిది అలాంటి మనిషి. ఇది ప్రత్యేకంగా రాసుకోండి.

వాడు లోపల కూర్చుని సెల్ఫ్ కొట్టాడు. బండి తుమ్మింది. మంట సీసాలోకి పాకింది, సీసా చొక్కా మీద ఒలికింది. అప్పుడు పదకొండుకు ఐదు నిమిషాలు తక్కువ. గోడ గడియారం చూశాడట. ఆ సమయంలో గడియారం చూసింది ఎందుకో తనకే తెలియదన్నాడు.

నేను పదిన్నర దాటిన ఐదు నిమిషాలకే బయలుదేరొచ్చు, డాక్టరు చెప్పిన అరగంట అప్పటికి అయిపోయింది. వాడికి ఇంకాస్త చెమట పట్టాలని కూర్చున్నాను. దిగాక కూడా గొడుగు లేదని దుకాణం చూరు కింద నిలబడ్డాను. వాన అంత పెద్దది కాదు. షెడ్డుకు చేరేసరికి పదకొండుంబావు. అప్పటికే ఆయన్ని పక్క వీధి సామాన్ల టెంపోలో ఎక్కించారు. బావమరిది రెండు అరచేతులూ కాలిపోయి ఉన్నాయి. మంటను చేతులతోనే కొట్టి ఆర్పాడు. పుస్తకం తడి నేల మీద బోర్లా పడి ఉంది. నా స్టూలు నిలబడే ఉంది.

నేను మొదట చూసింది మనిషిని కాదు. మూతను చూశాను. ఒకటో వైరు పుస్తకం చెప్పిన చోటే ఉంది. నాలుగు వైర్లూ అచ్చంగా పుస్తకం చెప్పిన చోటే ఉన్నాయి.

పోయిన గురువారం సాయంత్రం ఐదుకు ఆస్పత్రికి వెళ్ళాను. ఒక్కసారే వెళ్ళాను. ఆయన ముఖానికి కట్టు కట్టి ఉంది, నోరు మాత్రం కనిపిస్తోంది. గొంతు గుర్తుపట్టాడు.

"మేస్త్రీ, బండి స్టార్ట్ అయిందా?"

అయిందన్నాను. ఇప్పటికీ కాలేదు.

"ఏం దోషమట?"

ఏం లేదు, చిన్నదే అన్నాను. చిన్నదేలే అనుకున్నా అన్నాడు. శుక్రవారం సాయంత్రం నాలుగు గంటల పది నిమిషాలకు చనిపోయాడు. నిన్న పొద్దున మీరు బావమరిదిని తీసుకొచ్చారు. వైర్లు తప్పు పెట్టి మనిషి ప్రాణం తీశాడని కేసు. వాడు అడ్డం చెప్పలేదు. నేనే ఎక్కడో తప్పు పెట్టి ఉంటాను అన్నాడట. లాకప్పులో కూడా ఆ పుస్తకం అడిగాడట, కట్లు కట్టిన చేతులతో పేజీలు తిప్పలేక కాపలా కానిస్టేబులును తిప్పమని బతిమాలుతున్నాడట. ఏ తప్పు చేశాడో వాడు ఇప్పటికీ వెతుక్కుంటున్నాడు. ఆ పుస్తకంలో అది దొరకదు.

నిన్న మధ్యాహ్నం నా భార్య నా ముందు కంచం పెట్టి, ఎదురుగా కూర్చుంది. ఇరవై రెండేళ్ళ కాపురంలో ఆవిడ నా ఎదుట కూర్చుని నన్ను చూడటం తక్కువ. చూస్తే కుర్చీనే చూస్తుంది, అందులో ఏదైనా పెట్టి ఉంటానని అనుమానం. నిన్న చూసింది.

"మా తమ్ముడు తప్పు పెట్టాడంటే నేను నమ్మను. ఇందులో నీ చెయ్యి ఉందా?"

"లేదు."

"పోనీ, నీకు తెలుసా?"

తినలేదు. పన్ను తీసిన చోట ఇంకా పచ్చిగా ఉందని చెప్పాను. ఆవిడ కంచం తీసేసి, తమ్ముడికి ఉతికిన చొక్కాలు రెండు సంచిలో సర్దుకుంది. ఇప్పుడు బయట బల్ల మీద ఆ సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది. లోపలికి వస్తుంటే నా వైపు చూడలేదు.

అందుకే వచ్చాను. తప్పు వైర్లలో లేదు, షాఫ్టులో ఉంది. అది పెద్ద మేస్త్రి వేసిన సగం తాళం. తెలిసీ చెప్పకపోవడం నా తప్పు, ఫోనులో వెక్కిరించడం నా తప్పు. దానికి ఏ శిక్ష వేసినా సరే. బావమరిది తప్పు ఏమీ లేదు.

ఇంతవరకు రాసి ఇచ్చాను. ఇన్‌స్పెక్టరు గారు రెండుసార్లు చదివారు. ఆ తర్వాత జరిగింది కూడా నన్నే రాయమన్నారు.

ఆయన బీరువాలోంచి గుడ్డ సంచి తీసి బల్ల మీద పెట్టారు. వ్యానుకున్న డిస్ట్రిబ్యూటర్, మూత, నాలుగు వైర్లు. వాటి పక్కన మా షెడ్డు గూట్లో దొరికిన తెల్ల దారం కండె. ఇది ఎందుకని అడిగారు. తెలిసినట్టే అడిగారు. షెడ్డు పక్క టీ కొట్టతను ముందే చెప్పాడట. నేను కూడా నిజమే చెప్పాను. అది పెద్ద మేస్త్రిది. ఆయన ఏ ఇంజను కట్టినా వైర్లకు దారంతో ముడులు వేసేవాడు. ఒకటో వైరుకు ఒక ముడి, రెండో దానికి రెండు, అలాగే నాలుగు దాకా. వైరు చివరా, మూత మీద బొడిపె దగ్గరా రెండు చోట్లా. చదువు రానివాడైనా, చీకట్లో అయినా, చూపు పోయినా చేత్తో తడిమి సరిగ్గా పెట్టాలని. చూపు మందగించాక కూడా గంటలు గంటలు కూర్చుని ముడులు వేసేవాడు. పళ్ళతో దారం తెంపేవాడు.

ఇన్‌స్పెక్టరు గారు కండెను వేలితో దొర్లిస్తూ అడిగారు.

"ముడులు వేసేవాడు తాళం ఎందుకు వేస్తాడయ్యా?"

ముసలివాళ్ళ చాదస్తం అండీ అన్నాను.

"మరి ఈ వైర్లకు ముడులు లేవే?"

నూనెలో, వేడిలో దారం చివికిపోతుందన్నాను.

పెద్ద మేస్త్రి భార్య ఉన్నారా అని అడిగారు. ఉంది. వయసు డెబ్బై తొమ్మిది. నేను పెద్దమ్మా అంటాను. చుట్టం కాదు. పద్దెనిమిదేళ్ళు మధ్యాహ్నం అన్నం ఆవిడ చేత్తోనే తిన్నాను. ఆవిడకు మోకాళ్ళు పట్టేశాయి. ఈ స్టేషనుకు పదకొండు మెట్లున్నాయి, లెక్కపెట్టాను. రేపు ఉదయం జీపు పంపి ఆవిడను రప్పిస్తామని, మీ ఆయన ఇలా తాళాలు వేసేవాడా అని అడిగి ఆవిడ మాట కూడా రాసుకుంటామని చెప్పారు. ఆవిడకు వినపడదు. ఆ ప్రశ్న గట్టిగా అరిచి అడగాలి. వరండాలో అందరూ వింటారు. మీ ఆయన వల్ల మనిషి పోయాడని అరవాలి.

నన్ను ఇక కింద రాయాల్సిన మాట రాసి సంతకం పెట్టమన్నారు. రాస్తున్నాను.

ఇందులో ఉన్నదంతా నేను తెలివిలో ఉండి, నా చేత్తో రాసింది, చదువుకుని చూశాను, ఇది నిజం, ఒక్క చోట తప్ప.

సగం తాళం అనే మాట పెద్ద మేస్త్రి ఏనాడూ అనలేదు. ఆయనకు అలాంటి అలవాటు లేదు. ఆ మాటను నిన్న సాయంత్రం స్నానాల గదిలో, బకెట్ నిండే లోపు పుట్టించాను. ఇంటి తాళంచెవి ఎవడికి పడితే వాడికి ఇస్తామా అన్నదీ నేను అల్లిందే. ఆయన నిజంగా అన్నది వేరే. ఇన్ని ముడులు ఎందుకు, మన షెడ్డుకే వస్తాయిగా అని నేను ఒక రోజు విసుక్కుంటే, "తర్వాత విప్పేవాడు కూడా మనవాడేరా" అన్నాడు.

షాఫ్టును సగం తిప్పి దింపింది, బండి నడవాలని వైర్లు ఎదురు మార్చి పెట్టింది నేను. మూడు నెలల కిందట, బుధవారం, మధ్యాహ్నం మూడు గంటలకు. డిస్ట్రిబ్యూటర్ లోపల షాఫ్టు చుట్టూ ఉండే బుష్ అరిగిందని తాపీ వ్యాను వదిలి వెళ్ళాడు. బావమరిది గాస్కెట్ కాగితం తేవడానికి బజారుకు పోయాడు. ఆ పొద్దున్నే వాడు నాకొక నట్టు బిగువు పుస్తకంలో చూపించి, నా చెవి తప్పని తేల్చాడు. మర్యాదగానే చూపించాడు. ఎప్పుడో ఒక రోజు వీడు ఈ బండి ముట్టుకుంటాడు, ఆ రోజు నేను పక్కనే ఉండి నవ్వాలి అనుకున్నాను. అంతే నా పథకం. నేను పక్కన ఉండాలన్నది అందులో ముఖ్యం. ఉండి ఉంటే సీసా దాకా రానిచ్చేవాడిని కాదు. పన్ను నొప్పి వస్తుందని అనుకోలేదు.

వైర్ల ముడులు చివికిపోలేదు. పెద్ద మేస్త్రి వేసిన దారం అంత తేలిగ్గా చివకదు. ఎనిమిది చోట్లా నేనే బ్లేడుతో కోశాను. కోసిన దారాలు వాడిన నూనె డబ్బాలో వేశాను. ఒకటో వైరు ముడి కోసేటప్పుడు వేలు తెగింది.

కాబట్టి పెద్దమ్మకు జీపు పంపకండి. నా బావమరిది పెట్టిన వైర్లు నాలుగూ సరిగ్గా ఉన్నాయి. ఈ ముక్క వాడికి అందరికంటే ముందు చెప్పండి, పేజీలు తిప్పించుకోవడం ఆపుతాడు. బయట బల్ల మీద ఉన్న మనిషికి మీరు చెప్పొద్దు. నేనే చెప్తాను. ఒక్క నిమిషం ఇప్పించండి.

నాకు సంతకం వచ్చు. అయినా బొటనవేలే వేస్తున్నాను. గాలి తోస్తుందో లేదో చూడమని పెద్ద మేస్త్రి ఒకటో ప్లగ్గు రంధ్రం మీద పెట్టించింది ఈ వేలినే. ఆ బుధవారం తెగింది కూడా ఇదే. అడ్డంగా గీత కనిపిస్తుంది, సిరా సరిగ్గా అంటలేదనుకోకండి.

(ఎడమ చేతి బొటనవేలి ముద్ర)